జాన్ స్మీటన్: కట్టినదానికి జవాబు చెప్పిన ఇంజనీరు

ఈ శతవార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం వ్రాయుమని సంపాదక వర్గంవారు కోరినప్పుడు, ఎవరిని గూర్చి వ్రాయుదుమా అని కొన్నాళ్ళు ఆలోచించాము. మన అధ్యక్ష మండలములో సేవచేసిన మిషనరీలను గూర్చి, గురువులను గూర్చి, బైబిలు స్త్రీలను గూర్చి ఇతరులు మాకంటె బాగుగా వ్రాయగలరు. మేము ఒక ఇంజనీరు జీవితాన్ని చెప్పదలిచాము. ఆయన మన దేశానికి రాలేదు. ప్రసంగ వేదిక ఎక్కలేదు. అయినా ఈనాడు మన సంఘాల్లో ఇంజనీరింగు చదువుతున్న బిడ్డలు లేని వీధి లేదు గనుక, ఆ వృత్తికి పేరు, గౌరవము తెచ్చిన ఒక మనిషి కథ వారి చేతికి అందాలని మా కోరిక.

మరియొక కారణము కూడా ఉన్నది. దాచుకొనక చెప్పుతాము. మేము ప్రభుత్వ నిర్మాణ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసికొన్న వారము. ఉద్యోగములో చేరిన తొలి సంవత్సరాల్లో ఒక కల్వర్టు పునాది కొలతకు వెళ్ళాము. మేము వెళ్ళేసరికే కాంక్రీటు పోసి, మట్టి కప్పివేశారు. లోతు ఎంత ఉన్నదో మా కన్ను చూడలేదు. కొలతల పుస్తకములో సంతకం చేయండని కాంట్రాక్టరు మనిషి అడిగాడు. ప్రొద్దు వాలుతున్నది. కూలీలకు డబ్బులు అందాలి, మరునాడు పండుగ. మేము సంతకం చేశాము. ఆ కల్వర్టు పడిపోలేదు, ఎవరికీ హాని జరుగలేదు. కాని ఆ సంతకము మాత్రము ఇన్నేళ్ళుగా మమ్మును వదలలేదు. జాన్ స్మీటన్ జీవితం మొదటిసారి చదివిన రాత్రి మాకు జ్ఞాపకము వచ్చినది అదే.

న్యాయవాది ఇంట పుట్టిన పనివాడు

స్మీటన్ 1724 జూన్ 8వ తేదీన ఇంగ్లండులో లీడ్స్ పట్టణానికి దగ్గరనున్న ఆస్తోర్ప్ అను పల్లెలో జన్మించారు. తండ్రి విలియం న్యాయవాది. కుమారుడు తన వృత్తిలోకే రావాలని తండ్రి ఆశ. పిల్లవాడికేమో పనిముట్లంటే ప్రాణము. ఎక్కడ బావికి పంపు బిగిస్తున్నా, ఎక్కడ మర కడుతున్నా అక్కడ నిలబడి చూచేవాడు. 1742లో న్యాయశాస్త్రము నేర్చుకొనుటకు లండనుకు పంపితే, కొంతకాలము ప్రయత్నించి, ఆ చదువు తనకు సరిపడదని తండ్రికి వినయముగా ఉత్తరము వ్రాశారు. తండ్రి కోపగించలేదు. కుమారుని మనస్సు ఎటు లాగుతున్నదో అటే పోనిచ్చారు. పిల్లల చదువును గూర్చి పట్టుదల పట్టే తలిదండ్రులు ఆ ఉత్తరమును, ఆ జవాబును జ్ఞాపకముంచుకోదగును.

స్మీటన్ శాస్త్ర పరికరాలు చేయుట నేర్చుకొని, 1750 ప్రాంతములో లండనులో సొంత పనిశాల పెట్టారు. 1753లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించింది. 1755లో హాలండు, బెల్జియం ప్రాంతాలకు వెళ్ళి అక్కడి కాలువలను, రేవులను తన కళ్ళతో చూచి వచ్చారు. నీటి చక్రాలమీద, గాలిమరలమీద చిన్న నమూనాలతో పరీక్షలు చేశారు. నీరు పైనుండి పడి తిరిగే చక్రము, క్రింది నుండి నీటి వేగముతో తిరిగే చక్రముకంటె సుమారు రెండింతల పని చేస్తుందని కొలిచి చూపించారు. ఈ పరిశోధనకే 1759లో రాయల్ సొసైటీవారు కోప్లీ పతకము ఇచ్చారు. ఊహించినది చెప్పుటకాదు, కొలిచినది చెప్పుట ఆయన అలవాటు. ఆ అలవాటే తరువాత ఆయన నీతి కూడా అయినది.

సముద్రములోని బండమీద

ప్లిమత్ రేవుకు సుమారు 14 మైళ్ళ దూరములో సముద్రము మధ్య ఎడ్డీస్టోన్ అను బండలు ఉన్నవి. పోటు సమయములో అవి దాదాపుగా మునిగిపోవును. ఎన్నో ఓడలు వాటికి తగిలి పగిలినవి. అక్కడ హెన్రీ విన్‌స్టన్లీ అనువారు 1698లో మొదటి దీపస్తంభము కట్టారు. 1703 నవంబరులో వచ్చిన మహా తుఫాను ఆ స్తంభమును, అందులోనే ఉన్న ఆయనను కూడా తీసికొనిపోయింది. తరువాత రుడ్యర్డ్ అనువారు చాలమట్టుకు కలపతో రెండవ స్తంభము కట్టారు. అది సుమారు 47 సంవత్సరాలు నిలిచి, 1755 డిసెంబరులో కాలిపోయింది. మూడవదానికి ఎవరిని పిలువవలెనని రాయల్ సొసైటీ అధ్యక్షుని అడుగగా, ఆయన స్మీటన్ పేరు చెప్పారు. అప్పటికి స్మీటన్ వయస్సు 31 సంవత్సరాలు. సముద్రములో ఏ కట్టడమూ కట్టి ఎరుగరు.

ఈసారి రాతితోనే కట్టవలెనని ఆయన నిశ్చయించారు. ఓక్ చెట్టు మొదలు వెడల్పుగా ఉండి, పైకి పోను పోను సన్నగిల్లుట చూచి, స్తంభమునకు ఆ రూపము ఇచ్చారు. వాలుగా ఉన్న బండను మెట్లు మెట్లుగా చెక్కించి, ఆ మెట్లలోకి క్రింది వరుస రాళ్ళను దిగగొట్టారు. పెట్టెల మూలలను మన వడ్రంగులు డవ్‌టెయిల్ అతుకుతో కూర్చినట్లు, ఒక రాయి మరియొక రాయిని పట్టుకొని ఉండేలా ప్రతి రాయిని చెక్కించారు. ఒడ్డున పని ఆవరణలో ప్రతి వరుసను ముందుగా పేర్చి చూచి, సరిపోయిన తరువాతనే పడవలలో పంపేవారు.

సున్నము సంగతి ఇంకను గొప్పది. మామూలు సున్నము నీటిలో గట్టిపడదు. స్మీటన్ అనేక చోట్లనుండి సున్నపురాళ్ళు తెప్పించి, కాల్చి, నీటిలో పెట్టి చూచారు. వాటిని ఆమ్లములో కరగించి, అడుగున ఏమి మిగులుతున్నదో పరీక్షించారు. బంకమట్టి అంశము ఉన్న రాయినుండి వచ్చిన సున్నమే నీటిలో గట్టిపడుతున్నదని తెలిసింది. వెల్లతనము, గట్టితనము చూచి సున్నపురాయి ఎన్నిక చేసికొనే పాత నమ్మకము అంతటితో పోయింది. వేల్స్‌లోని అబర్‌థా సున్నమును, ఇటలీనుండి వచ్చిన పొజొలానా మట్టిని సమపాళ్ళుగా కలిపి వాడారు. తరువాతి కాలములో సిమెంటు పుట్టుటకు దారి తీసిన అడుగులలో ఇది ఒకటి.

1757 జూన్ 12న మొదటి రాయి వేశారు. పని మనుష్యులను రెండు జట్లుగా చేసి, వంతులవారీగా బండమీదికి పంపేవారు. ఆ రోజుల్లో నౌకాదళమువారు రేవుల్లో దొరికిన వారిని బలవంతముగా పట్టుకొనిపోయేవారు. అందుచేత తన పనివారిని ఎవరూ ముట్టకుండ వారికి ఒక్కొక్క గుర్తు బిళ్ళ ఇప్పించే ఏర్పాటు జరిగింది. అపాయముగల పని వచ్చినప్పుడు స్మీటన్ తాను ముందు నిలిచేవారు. ఒకసారి చీకటిలో బండమీదనుండి జారిపడి బొటనవ్రేలు కీలు తప్పింది. దగ్గర వైద్యుడు లేడు. తానే లాగి సరిచేసికొని, పనిలోకి తిరిగి వెళ్ళారు.

1759 అక్టోబరు 16వ రాత్రి 24 కొవ్వొత్తులతో ఆ దీపము వెలిగింది. స్తంభములోపల పై గది గోడచుట్టు 127వ కీర్తన మొదటి వచనములోని మాటలను స్మీటన్ చెక్కించారు. ఇల్లు కట్టువారి ప్రయాసమును గూర్చిన ఆ వచనము మన సంఘాలలో చిన్నపిల్లలకు కూడ కంఠస్థమే. దీపపు గది గుమ్మముమీద దేవునికి స్తుతి అను అర్థముగల లాటిన్ మాటలు చెక్కించారు. తన పేరు పెద్ద అక్షరాలతో చెక్కించుకొనుటకు ఇంతకంటె మంచి చోటు ఏ ఇంజనీరుకూ దొరకదు గదా! ఆయన ఆ పని చేయలేదు.

వృత్తికి ఒక పేరు

అంతవరకు ఇంజనీరు అంటే సైన్యములో కోటలు, ఫిరంగి బురుజులు కట్టేవాడే. ప్రజల వాడకానికి వంతెనలు, కాలువలు, రేవులు కట్టే తనను సివిల్ ఇంజనీరు అని చెప్పుకొన్న మొదటివారు స్మీటన్. కోల్డ్‌స్ట్రీమ్, పెర్త్, బాన్ఫ్ వంతెనలు, ఫోర్త్–క్లైడ్ కాలువ, రామ్స్‌గేట్ రేవు పనులు మొదలైనవెన్నో ఆయన చేతిమీదుగా సాగినవి.

పేరుకంటె ముఖ్యమైనది ఆయన నడిచిన పద్ధతి. ఆయన ఫీజు తీసికొని సలహా చెప్పేవారు, నక్షా గీసేవారు, నివేదిక వ్రాసేవారు. ఆ పనినే కాంట్రాక్టు తీసికొని లాభము చూచుకొనేవారు కారు. నక్షా గీసినవాడే రాళ్ళు అమ్మితే, ఎన్ని రాళ్ళు కావలెనో చెప్పే నాలుక వంకర తిరుగుతుంది. ఈ రెండింటిని వేరుగా ఉంచుట నేడు ప్రతి ఇంజనీర్ల సంస్థ నియమావళిలోను కనబడే మాట. రష్యా చక్రవర్తిని కేథరిన్ గొప్ప జీతముతో పిలిపించినప్పుడు కూడ ఆయన వెళ్ళలేదు.

తోటివారి పట్ల ఆయన ఎట్లుండేవారో రెండు సంగతులు చాలును. ఎడ్డీస్టోన్ పనిలో తనకు కుడిభుజముగా ఉన్న జోసయా జెస్సప్ 1761లో చనిపోగా, ఆయన కుమారుడు విలియంను స్మీటన్ తన యొద్ద ఉంచుకొని పని నేర్పించారు. ఆ పిల్లవాడే తరువాత ఇంగ్లండులో పేరెన్నికగన్న కాలువల ఇంజనీరు అయ్యారు. ఇక రెండవది. ఆవిరి యంత్రాలను కొలిచి, సవరించి, వాటి శక్తిని పెంచుటలో స్మీటన్ ఎంతో శ్రమపడ్డారు. అంతలో జేమ్స్ వాట్ అంతకంటె మేలైన యంత్రము తెచ్చారు. తన సంవత్సరాల శ్రమ వెనుకబడిపోయినను, వాట్ యంత్రమే మేలని స్మీటన్ ఒప్పుకొన్నారు.

హెక్సామ్ వంతెన

1760ల్లో లండను వంతెనకు ప్రమాదము వచ్చింది. పడవల రాకపోకల కోసము రెండు కమానులను తీసివేసి ఒకటిగా చేయగా, ఆ వెడల్పు కమాను క్రింద నీరు ఉరవడిగా పారి, స్తంభముల మొదట్లో మట్టిని కోయసాగింది. ప్రజలు వంతెన దాటుటకు భయపడ్డారు. స్మీటన్‌కు అత్యవసరముగా కబురు పెట్టారు. ఆయన వచ్చి, లోతు కొలిచి, వెంటనే ఆ గోతిలో పెద్ద రాళ్ళు వేయండని చెప్పారు. కూల్చి అమ్మివేసిన నగర ద్వారాల రాళ్ళనే తిరిగి కొని అక్కడ వేశారు. వంతెన నిలిచింది.

నీటి కోతను ఇంత బాగుగా ఎరిగిన మనిషికే తన సొంత వంతెన అదే కోతలో పోయిన సంగతి ఇప్పుడు చెప్పవలసి ఉన్నది. ఉత్తర ఇంగ్లండులో టైన్ నదిమీద హెక్సామ్ అను ఊరున్నది. అక్కడ అంతకుముందు కట్టిన వంతెన 1771 వరదలో కొట్టుకొనిపోయింది. నది అడుగు మంచిది కాదు. ఆ చోట స్మీటన్ గీసిన వంతెన 1780 నాటికి పూర్తి అయ్యింది. చూచుటకు అందమైన వంతెన. 1782 మార్చి 10న వరద వచ్చింది. నీరు భయంకరమైన వేగముతో స్తంభముల క్రింద కంకరను తోడివేసింది. కొద్ది సమయములోనే వంతెన కూలిపోయింది.

అప్పుడు ఆయన ఏమి చేయగలరో ఆలోచించండి. వయస్సు 57. దేశమంతట పేరున్నది. వరద ఎన్నడూ రానంత పెద్దదని చెప్పవచ్చును, ఆ మాట అబద్ధమూ కాదు. పని చూచిన స్థానిక ఇంజనీరుమీద త్రోసివేయవచ్చును. నది అడుగు చెడ్డదని కట్టించినవారికి ముందే తెలుసును గదా అనవచ్చును. స్మీటన్ ఆ స్థానిక ఇంజనీరుకే దుఃఖముతో ఉత్తరము వ్రాశారు. తన ముప్పై సంవత్సరాల పనిలో ఒక్కటియు పడలేదని ఇక చెప్పుకొనే వీలు లేదనియు, తమ ఇద్దరి కీర్తియు ఇప్పుడు మట్టిలో కలిసినదనియు దాని భావము. అవతలివానికి నింద, తనకు కీర్తి అని పంచుకొనలేదు. నిందలో తన పాలు తాను తీసికొన్నారు.

ఆ తరువాత ఆ చోటనే రాబర్ట్ మైల్న్ అను ఇంజనీరు మరల వంతెన కట్టారు. 1793లో పూర్తయిన ఆ వంతెన ఇప్పటికిని వాడుకలో ఉన్నది. ఈ మైల్న్ ఎవరనుకొన్నారు? క్రింద చెప్పబోయే మిత్రమండలిలో స్మీటన్‌తోపాటు కూర్చున్నవారే.

మిత్రుల భోజన బల్ల

ఆ రోజుల్లో ఇంజనీరు కావలెనంటే పరీక్ష లేదు, పట్టిక లేదు, చట్టము లేదు. ఎవడు పలక తగిలించుకొంటే వాడే ఇంజనీరు. కాలువ త్రవ్వవలెనన్నా, రేవు కట్టవలెనన్నా పార్లమెంటు అనుమతి కావలెను. కావలెనన్న పక్షమువారు ఒక ఇంజనీరును, వద్దన్న పక్షమువారు మరియొక ఇంజనీరును సాక్ష్యమునకు తెచ్చేవారు. ఒకే వృత్తివారు కమిటీ గదుల్లో శత్రువులవలె నిలబడి ఒకరి మాట ఒకరు కాదనేవారు. బయట ఒకరి ముఖము ఒకరు ఎరుగరు.

ఇది తగదని తలచి, 1771 మార్చి 15న లండనులో హోబర్న్ వీధిలోని కింగ్స్ హెడ్ అను భోజనశాలలో కొందరు ఇంజనీర్లు కూడారు. స్మీటన్, మైల్న్, థామస్ యోమన్ మొదలైనవారు అందులో ఉన్నారు. యోమన్ అధ్యక్షులు. సివిల్ ఇంజనీర్ల సొసైటీ అని పేరు పెట్టుకొన్నారు. లోకములో ఈ వృత్తివారు కట్టుకొన్న మొదటి సంఘము ఇదే. పార్లమెంటు జరిగే కాలములో కలిసి భోజనము చేసి, పనులను గూర్చి మాట్లాడుకొనేవారు. సాక్ష్యములో ఎదురెదురుగా నిలబడినవారు సాయంత్రము ఒకే బల్లయొద్ద కూర్చుంటే, మరునాడు అబద్ధమాడుటకు నోరు రాదు. ఆ సంఘము చేసిన మేలు ఇదియే.

కాని దాని బలహీనత కూడ చెప్పవలెను. స్నేహము తప్ప దానికి వేరు అధికారము లేదు. తప్పు చేసిన సభ్యుని విచారించుటకు నియమములు లేవు. ఒక సభ్యుడు స్మీటన్ పట్ల అమర్యాదగా ప్రవర్తించగా, 1792 మే నెలలో ఆ సంఘమే ఆగిపోయింది. మంచి నియమాలతో మరల ప్రారంభింతమని మిత్రులు పూనుకొన్నారు. స్మీటన్ తానును చేరుదునన్నారు. చేరుటకు ఆయనకు గడువు దొరకలేదు.

అప్పటికి ఆయన పనులు చాలించుకొని ఆస్తోర్ప్‌లో తన నివేదికలను సరిచూచుకొనుచున్నారు. ఎడ్డీస్టోన్ నిర్మాణ చరిత్ర 1791లో అచ్చయినది. 1792 సెప్టెంబరు 16న తోటలో నడుస్తూ ఉండగా పక్షవాతము వచ్చింది. అక్టోబరు 28న కన్నుమూశారు. విట్‌కిర్క్ దేవాలయములో ఆయనను సమాధి చేశారు. 1793లో మిత్రులు తమ సంఘమును తిరిగి నిలబెట్టి, తరువాత దానికి ఆయన పేరే పెట్టుకొన్నారు. ఆ సంఘము నేటికిని ఉన్నది. ఆయన నివేదికలను మూడు సంపుటాలుగా ముద్రించినది వారే.

నియమములు వచ్చిన తరువాత

1818లో కొందరు యువకులు లండనులోనే ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ సివిల్ ఇంజనీర్స్ అను సంస్థను స్థాపించారు. 1820లో థామస్ టెల్ఫర్డ్ దానికి మొదటి అధ్యక్షులయ్యారు. 1828లో రాజశాసనము లభించింది. అయినా సంస్థ ఉన్నంత మాత్రాన వంతెనలు పడుట ఆగలేదు. 1879 డిసెంబరు 28 రాత్రి స్కాట్లండులో టే వంతెన గాలివానలో కూలి, రైలుబండి అందులోనివారందరితో నదిలో పడింది. నక్షాలోను, కట్టుబడిలోను, మరమ్మతులోను లోపాలున్నవని విచారణలో తేలింది. ఆ విచారణ జరిపిన ముగ్గురిలో ఒకరు ఇంజనీర్ల సంస్థ అధ్యక్షుడు బార్లో. తమవాడని కప్పిపుచ్చకుండ లోపమును లోపమని వ్రాయుట ఆ వృత్తి నేర్చుకొన్నది. 1907లో కెనడాలో కట్టుబడిలో ఉన్న క్విబెక్ వంతెన పడి 75 మంది పనివారు మరణించారు. అదే సంవత్సరము అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రము, అనుమతిపత్రము లేనివాడు ఇంజనీరుగా పనిచేయరాదని ఆ దేశములో మొదటి చట్టము చేసింది.

మన దేశములో ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ 1920లో ఏర్పడి, 1935లో రాజశాసనము పొందింది. దాని సభ్యులకు నీతి నియమావళి ఉన్నది. అయితే వకీళ్ళకు 1961లోను, ఆర్కిటెక్టులకు 1972లోను వచ్చినట్టి చట్టము, దేశమంతటి ఇంజనీర్లనందరిని ఒక పట్టికలో చేర్చి, తప్పు చేస్తే పేరు కొట్టివేసే చట్టము, ఇంతవరకు రాలేదు. తప్పుడు పని చేసిన వకీలు కోర్టులో నిలబడలేడు. తప్పుడు పని చేసిన ఇంజనీరు ఊరు మారి పలక తగిలించుకొనవచ్చును. అట్టి చట్టము రావలెనని మేము కోరుచున్నాము.

చట్టము వచ్చినను ఒక పని దానివల్ల కాదు. మట్టి కప్పిన పునాదిలోనికి అది తొంగి చూడలేదు. పునాది తెరచి ఉన్న గంటలో అక్కడ నిలబడినవాడు ఒక్కడే చూడగలడు. మా ఉద్యోగపు తొలి దినములలో ఆ సాయంకాలము మేము చేయవలసిన పని కష్టమైనదేమీ కాదు. ఒక మూలన రెండడుగులు త్రవ్వించి, టేపు పెట్టి చూడవలసినది. అరగంట పట్టును. కాంట్రాక్టరు మనిషి గొణిగేవాడు, కూలీలు కొంచెము ఆలస్యముగా ఇంటికి పోయేవారు. ఆ తరువాత ముప్పై ఏళ్ళ నౌకరీలో మేము చూడని కొలతకు మరల సంతకము పెట్టలేదు. అది గొప్ప అని చెప్పుకొనుట లేదు. మొదటిదానికి ప్రాయశ్చిత్తముగా చెప్పుచున్నాము.

స్మీటన్ కట్టిన దీపస్తంభము 120 సంవత్సరాలకు పైగా వెలిగింది. చివరకు స్తంభము చెడలేదు. దాని క్రింది బండను అలలు కోసివేయుటచేత 1882లో ప్రక్కన వేరొకటి కట్టి, దీని పైభాగమును రాయి రాయి విప్పి ప్లిమత్ ఒడ్డున తిరిగి నిలబెట్టారు. మొదలు మాత్రము ఆ బండను వదలలేదు. నేటికిని సముద్రములో అది నిలిచియున్నది.

మన సంఘాల్లో ఇంజనీరింగు చదువుతున్న కుమారులకు, కుమార్తెలకు తలిదండ్రులు జీతమెంత అని అడుగుట తప్పు కాదు. దానితోపాటు మరియొకటి అడుగవలెనని మా మనవి: నీవు సంతకము పెట్టినదానిని నీ కళ్ళతో చూచితివా? మొదటి ఉద్యోగములో చేరబోవు ముందు బిడ్డలను సంఘము ఎదుట నిలిపి గురువుగారు ప్రార్థించే మంచి వాడుక మనలో ఉన్నది. ఆ దినమున ఈ ప్రశ్న కూడ అడిగితే, ఈ వ్యాసము వ్రాసినందుకు మాకు తృప్తి కలుగును.